ఆకురాలు కాలంలో శేషాచలం: తిరుపతిలో అయిదు రోజుల నడక

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. తిరుపతిలో అది పోవడం ఒక్క పూటలోనే తెలిసిపోతుంది. తెల్లవారుజామున ఇరవై డిగ్రీల దగ్గర హాయిగా ఉన్న గాలి పదిన్నరకల్లా వేడెక్కుతుంది. ఫిబ్రవరి మధ్యలో పగటి ఎండ 33 దరిదాపుల్లో ఉంటే మార్చి నెలాఖరుకు 37, 38 దాకా పోతుంది. అందుకే ఈ నడకలన్నింటికీ ఒకటే లెక్క: అయిదింటికి బయల్దేరడం, పదిన్నరకు నీడలో ఉండడం.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఈ కొండలకు పెద్ద వానలు అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. నవంబరులో తీసిన జలపాతం ఫొటో చూసి ఫిబ్రవరిలో వచ్చేవారు సన్నటి ధార చూసి ఉసూరుమంటారు. ఈ రుతువులో చూడాల్సింది రాయిని, చెట్టును. ఆకు రాలిపోయి ఉంటుంది కాబట్టి మిగతా ఏడాదంతా పచ్చదనం కింద దాగిన బండల వరసలు, లోయల అంచులు దూరం నుంచే కనబడతాయి. ఆకుల్లేని కొమ్మల మీద మోదుగ, బూరుగ, కొండగోగు పూసి ఉంటాయి.

సోమవారం మొదలుపెట్టడం మేలు. జూకు మంగళవారం సెలవు, చంద్రగిరి కోటలో మ్యూజియానికి శుక్రవారం సెలవు. శనివారం, ఆదివారం మెట్ల దారిలో భుజాలు రాసుకుంటూ నడవాల్సి వస్తుంది.

మొదటి రోజు: ఊరూ, కొండ కిందా

కాళ్ళకు అలవాటు కావడానికి తొలిపొద్దున శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆవరణ చాలు. 1954లో పెట్టిన ఈ విశ్వవిద్యాలయంలో పాత చెట్ల నీడన చదునైన రోడ్లున్నాయి, ఊళ్ళో నడకకు వచ్చేవాళ్ళు సగం మంది ఇక్కడే కనబడతారు. ఉత్తరం వైపు నిలబడి కొండను చూడండి. పైన గోడలా నిలువుగా, ఎరుపు చాయలో ఉన్నది క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరాయి గట్టిపడి తయారైన రాయి. దాని కింద పొదలతో ఏటవాలుగా దిగిపోయేది గ్రానైట్. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో ఇప్పుడే గుర్తు పెట్టుకుంటే మూడో రోజు దాన్ని దగ్గర నుంచి చూడొచ్చు.

ఏడున్నరకు టిఫిన్ ముగించి జూ తెరిచే వేళకు అక్కడ ఉండాలి. అలిపిరి నుంచి చెర్లోపల్లి వైపు పోయే రోడ్డులో ఉంటుంది. 1987లో మొదలైన ఈ జూ పేరున 5,500 ఎకరాలకు పైగా అడవి ఉంది గానీ, సందర్శకులు తిరిగేది అందులో చిన్న ముక్క మాత్రమే. ఆ చిన్న ముక్కే కాళ్ళు లాగేంత దూరం. పిల్లలూ పెద్దవాళ్ళూ ఉంటే బ్యాటరీ బండి ఎక్కడమే తెలివి. పదకొండు దాటాక పులీ సింహమూ నీడ వెతుక్కుని పడుకుంటాయి, అప్పుడు వచ్చినవాళ్ళకు తోకలు తప్ప ఏమీ కనబడవు.

మధ్యాహ్నం నిద్రపోయి, సాయంత్రం కొండ కింద జలపాతం పక్కన శివాలయం ఉన్న కపిలతీర్థం. కార్తీకంలో హోరుమనే ధార ఈ వేళకు బండ మీద తడిచారగా మిగిలి ఉండొచ్చు. శివరాత్రి ముందు వారం రోజులు మాత్రం ఇక్కడ కపిలేశ్వరుడి బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. అప్పుడు నీటి కంటే జనమే ఎక్కువ.

రెండో రోజు: అలిపిరి మెట్లు

కొండెక్కడానికి రెండు కాలిదారులున్నాయి. అలిపిరి నుంచి 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. శ్రీనివాసమంగాపురం దగ్గర మొదలయ్యే శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, 2.1 కిలోమీటర్లు. మెట్లు తక్కువ కదా అని చాలామంది రెండోది సులువనుకుంటారు. లెక్క వేస్తే తెలుస్తుంది: అలిపిరి దారిలో సగటున రెండున్నర మీటర్లకు ఒక మెట్టు పడితే, శ్రీవారి మెట్టులో మీటరు నిండకుండానే ఒకటి వస్తుంది. గుండె, ఊపిరి బాగున్నవారికి గంటన్నర రెండు గంటల్లో అయిపోయే దారి అది, ఊపిరి తీసుకోవడానికి చదును మాత్రం దొరకదు. మొదటిసారి ఎక్కేవారికి అలిపిరే నయం. మూడు నుంచి నాలుగు గంటలు పడుతుంది.

ముందు రోజు రాత్రే సంచి రెండుగా విడదీయండి. బట్టలూ బరువులూ అలిపిరిలోని దేవస్థానం లగేజీ కౌంటరులో ఇస్తే ఉచితంగా పైకి చేరుస్తారు. రసీదు పోగొట్టుకుంటే పైన గంటసేపు క్యూలో తల బద్దలు కొట్టుకోవాలి, అందుకని దాన్ని ఫొటో తీసి ఉంచుకోవాలి. చేతిలో ఉంచుకోవాల్సింది లీటరు నీళ్ళ సీసా, ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు ఒకటి, పిడికెడు చెనక్కాయలూ బెల్లమూ, చిన్న తువ్వాలు. సీసా స్టీలుదో రాగిదో అయి ఉండాలి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలు కొండ మీద నిషేధం, తనిఖీలోనే తీసేయిస్తారు. దారి పొడవునా కొళాయిలున్నాయి, అంతకంటే ఎక్కువ మోయక్కర్లేదు.

మెట్లు మొదలయ్యే చోట ఉన్న పాదాల మండపం దాటగానే మొదటి చిక్కు ఎదురవుతుంది. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టి కర్పూరం వెలిగించే మొక్కుబడి ఉన్నవారు చాలామంది. కరిగిన కర్పూరం, కొబ్బరినీళ్ళు, కుంకుమ కలిసి మెట్టు నడిమధ్య జారుతూ ఉంటుంది. జనం రద్దీలో కిందకి చూడకుండా అడుగేసి మోకాలు కొట్టుకునేది ఎక్కువగా ఈ మొదటి వందల మెట్లలోనే. అంచు పట్టుకుని, మొక్కుకునేవారికి అడ్డం రాకుండా నడవాలి.

తలయేరు గుండు అనే బండ దాటాక గాలిగోపురం వరకూ కష్టకాలం. ఆ గోపురం చేరేసరికి సగానికి మించిన మెట్లు అయిపోతాయి. దూరంలో చూస్తే సగం కూడా కాదు. ఎత్తంతా ముందే ఎక్కేస్తాం, దూరం తర్వాత నడుస్తాం. ఈ సంగతి తెలియక మొదటి అరగంటలో పరుగులు తీసినవాళ్ళు గోపురానికి ముందే కూలబడతారు. పక్కవాడితో మాట ఆగకుండా ఎక్కగలిగితే అది సరైన వేగం. మాట తెగితే వేగం తగ్గించాలి. ప్రతి రెండు వందల మెట్లకు ఒక నిమిషం నిలబడితే చాలు, కూర్చుంటే పిక్కలు పట్టేసి లేవడం కష్టమవుతుంది. పాదం మొత్తం మెట్టు మీద పెట్టి మడమతో తొక్కితే బరువు తొడ మీద పడుతుంది. మునివేళ్ళతో ఎక్కితే పిక్కలు ముందుగా చేతులెత్తేస్తాయి.

గాలిగోపురం దగ్గర ఇడ్లీ, మజ్జిగ, ఉప్పూకారం చల్లిన జామకాయ దొరుకుతాయి. తినేది ఏదైనా చేతిలో పట్టుకుని తిరగకూడదు. కవరు చప్పుడు వినిపిస్తే చాలు, కోతులు ఎక్కడున్నా వచ్చేస్తాయి.

ఇక్కడి నుంచి జింకల పార్కు, ఏడో మైలు ఆంజనేయస్వామి విగ్రహం, నరసింహస్వామి ఆలయం వరకూ దారి చాలా భాగం చదును. ఇక్కడే అడవి దగ్గరవుతుంది. ఆకు రాలిన ఎర్రచందనం చెట్లను గుర్తుపట్టడానికి ఇంతకంటే మంచి వేళ లేదు. నల్లటి బెరడు చిన్న చిన్న పలకలుగా, మొసలి వీపులా పగిలి ఉంటుంది. గుండ్రటి రెక్కల కాయలు కొమ్మకు వేలాడుతుంటాయి. కింద పడ్డ పుల్ల ఒక్కటి కూడా సంచిలో వేసుకోకూడదు. ఎర్రచందనం ముక్క దొరికితే ఎంత చిన్నదని ఎవరూ అడగరు.

2023 ఆగస్టులో ఈ దారిలో చిరుత ఒక పాపను చంపాక ఆంక్షలు వచ్చాయి. చిన్నపిల్లలను మధ్యాహ్నం తర్వాత మెట్లెక్కనివ్వడం అప్పుడు ఆపేశారు. నడిచేవారికి ఊతకర్రలు ఇచ్చిందీ అప్పుడే. వేళలూ వయసు హద్దులూ మారుతుంటాయి, దర్శనం టోకెన్లు ఇచ్చే చోటు కూడా అంతే, కాబట్టి బయల్దేరే ముందు రోజు దేవస్థానం ప్రకటన చూసుకోవాలి. మారనిది ఒకటుంది: పిల్లల్ని ముందు పరిగెత్తనివ్వకూడదు, వెనక వదలకూడదు, చెయ్యి పట్టుకునే నడిపించాలి.

కొంతదూరం దారి ఘాట్ రోడ్డు పక్కనే పోతుంది. ఒట్టికాళ్ళతో ఎక్కేవారికి పరీక్ష ఇక్కడే. పైకప్పు లేని చోట తారూ బండా పదిన్నర తర్వాత కాలుతాయి. అయిదింటికి మొదలుపెట్టినవాళ్ళు ఎనిమిదిలోపే ఈ ముక్క దాటేస్తారు. ఎడమ పక్కనో కుడి పక్కనో అవ్వాచారి కోన లోయ కనబడే చోట ఒక్క పది నిమిషాలు ఆగండి. ఆకులేని లోయలో అక్కడక్కడ మోదుగ పూత నిప్పు రంగులో ఉంటుంది.

చివరగా మోకాళ్ళ పర్వతం. నిలువు మెట్లు, అలసిన కాళ్ళు. మోకాళ్ళ మీద ఎక్కే మొక్కు ఉన్నవారు తప్ప మిగతావాళ్ళు ఇక్కడ తొందరపడాల్సిన పని లేదు. ఇది అయిపోతే తిరుమల వచ్చేసినట్టే.

కింద ఊరు సముద్రమట్టానికి 160 మీటర్ల దరిదాపుల్లో ఉంటే తిరుమల 850 మీటర్లకు పైన ఉంటుంది. చెమట పట్టిన ఒంటికి నాలుగైదు డిగ్రీల తేడా చలిగా తగులుతుంది, చేరగానే తువ్వాలుతో తుడుచుకుని పొడిబట్ట మార్చుకోవాలి. గది ముందే బుక్ చేసుకోనివారు సాయంత్రం బస్సులో దిగిపోయి మర్నాడు మళ్ళీ బస్సులోనే ఎక్కొచ్చు. మెట్ల మీదుగా మాత్రం దిగకండి. ఎక్కేటప్పుడు అలిసేది ఊపిరి. దిగేటప్పుడు ప్రతి మెట్టుకూ తొడ కండరం సాగుతూ బరువు ఆపాలి, మర్నాడు కుర్చీలోంచి లేవలేకపోవడానికి కారణం అదే.

మూడో రోజు: కొండపైన

ఈ రోజు నడక తక్కువ, చూపు ఎక్కువ. ఆలయానికి ఉత్తరంగా కిలోమీటరు దూరంలో శిలాతోరణం. వెడల్పు 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు ఉన్న సహజమైన రాతి కమాను ఇది. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకాల్లో చేర్చింది. చుట్టూ కంచె, లోపల తోట. చాలామంది కమాను ముందు ఫొటో దిగి రెండు నిమిషాల్లో వెళ్ళిపోతారు. ఉదయం ఏటవాలు ఎండలో రాతి పొరలు చూడండి. ఒక పొరలో గీతలు అడ్డంగా, దాని పై పొరలో వాలుగా ఉంటాయి. ఇసుక నీటి ప్రవాహంలో పేరుకున్న దిక్కు ఆ గీతల్లో నిలిచిపోయింది. మెత్తటి పొరలు ముందు అరిగిపోయి, గట్టివి వంతెనలా మిగిలాయి.

అక్కడి నుంచి చక్రతీర్థం చూసుకుని, శ్రీవారి పాదాలు ఉన్న నారాయణగిరికి ఎత్తు రోడ్డు. నిన్నటి కాళ్ళు మొరాయిస్తే జీపు తీసుకోవచ్చు. పైనుంచి ఆలయం, ఊరు మొత్తం ఒకే చూపులో కనబడతాయి, ఎనిమిది దాటాక మంచు పొర విడిపోతుంది.

పాపవినాశనం వైపు ఆర్టీసీ బస్సులు తిరుగుతుంటాయి. ఆ దారిలో జాపాలి దగ్గర దిగి మెట్ల మీదుగా చెట్ల నీడన ఆంజనేయుడి గుడి దాకా నడవడం ఈ రోజుకు అసలైన నడక. దారి పొడవునా పెద్ద చెట్లు, తేమ. కింద కొండవాలంతా ఎండిపోయి ఉన్నా ఇక్కడ పచ్చగానే ఉంటుంది. ఆకాశగంగ, పాపవినాశనం రెండూ స్నానాల తొక్కిడిలో ఉంటాయి. చూసి రావడానికి అరగంట చాలు.

తిరుగు బస్సు మొదటి ఘాట్ రోడ్డులో దిగుతుంది. 1944లో వేసిన రోడ్డు ఇది. ఈ ఘాట్‌లో ఒకచోట కొండ కోతలో గ్రానైట్ మీద క్వార్ట్‌జైట్ కూర్చున్న గీత బయటపడి ఉంది. మొన్న విశ్వవిద్యాలయం నుంచి చూసిన గీత ఇదే. భూవిజ్ఞానులు దీన్ని ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ అంటారు. కింది రాయి పుట్టుకకూ పై రాయి పుట్టుకకూ మధ్య కనీసం యాభై కోట్ల ఏళ్ళ విరామం ఉంది. చేతి వెడల్పు కూడా లేని గీతలో అంత కాలం దాగి ఉందంటే నమ్మబుద్ధి కాదు. బస్సులోంచి చూడాల్సిందే, మలుపుల్లో దిగి నడవడానికి వీల్లేదు.

నాలుగో రోజు: తలకోన, చంద్రగిరి

మెట్లెక్కిన కాళ్ళ నొప్పి రెండో రోజుకు ముదురుతుంది. అందుకే ఈ రోజు బండి ప్రయాణం. చంద్రగిరి, రంగంపేట, భాకరాపేట ఘాట్ మీదుగా ఎర్రావారిపాలెం మండలం నెరబైలు చేరితే తలకోన. బస్సులు అరుదు, కారు మాట్లాడుకోవడమే మంచిది. ఆరింటికి బయల్దేరితే ఎనిమిది లోపు గేటు దగ్గర ఉంటారు. భోజనం కట్టుకుని వెళ్ళాలి.

సిద్ధేశ్వరస్వామి గుడి నుంచి జలపాతం దాకా అడవిలో నడక. 270 అడుగుల ఎత్తు నుంచి పడే నీరు ఫిబ్రవరిలో తెరలా పల్చగా, గాలికి ఊగుతూ ఉంటుంది. మార్చి చివరికి ఇంకా సన్నం. నీళ్ళు తగ్గాయి కదా అని బండలెక్కడం ఇక్కడ మామూలు పొరపాటు. నిన్నటిదాకా తడిసిన రాతి మీద పాచి ఎండి పొడిలా కనబడుతుంది, అడుగు పడగానే జారుతుంది. పొడిగా కనబడే నల్లబండ కంటే తడిసిన ఎర్రబండే నమ్మదగింది. రబ్బరు చెప్పులతో రావద్దు, అడుగున గాట్లున్న బూట్లు కావాలి.

దారిలో చెట్టు నుంచి చెట్టుకు పాకిన గిల్లతీగ లావు చూసి మనిషి నడుమంత ఉందని అనుకుంటారు. దాని కాయ మూరెడు పొడవు దాటి ఉంటుంది. చెట్ల కొమ్మల ఎత్తులో కట్టిన తాళ్ళ వంతెన 240 మీటర్ల పొడవు. ఒకేసారి ఎక్కువమంది ఎక్కితే ఊపు పెరుగుతుంది, ఎదుటివాళ్ళతో పది అడుగుల ఎడం ఉంచితే ఇబ్బంది ఉండదు. కొన్నాళ్ళుగా ఈ అడవుల్లో ఏనుగులు తిరుగుతున్నాయి. రెండింటికల్లా గేటు బయటకు వచ్చేయాలి. అగ్గిపెట్టె సంచిలో పెట్టుకోకపోవడమే మంచిది, ఫిబ్రవరి నుంచి కార్చిచ్చుల కాలం.

వచ్చే దారిలోనే చంద్రగిరి. నాలుగింటికి రాజమహల్ చేరితే మ్యూజియం చూసి, సాయంత్రపు ఎండలో వెనక బండ కొండ ఎర్రబడడం చూడొచ్చు. కట్టె వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపిన మేడ ఇది. పచ్చిక మీద కాసేపు కూర్చోవడానికి తిరుపతి చుట్టుపక్కల ఇంత తీరైన చోటు ఇంకోటి లేదు.

అయిదో రోజు: పౌర్ణమి కలిస్తే తీర్థం, లేకుంటే శ్రీవారి మెట్టు

శేషాచలం లోపలి తీర్థాలకు మామూలు రోజుల్లో అనుమతి లేదు. 1989లో ఏర్పాటైన శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం అది. ముక్కోటి అని పిలిచే తీర్థస్నానాల పర్వదినాల్లో మాత్రం దేవస్థానమే దారి తెరుస్తుంది. మకర మాసంలో పుష్యమి కలిసిన పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, కుంభ మాసంలో మఖ కలిసిన పౌర్ణమికి కుమారధార, మీన మాసంలో ఉత్తర ఫల్గుణి కలిసిన పౌర్ణమికి తుంబురు తీర్థం. ఇవి సూర్యుడు ఉన్న రాశిని బట్టి లెక్కించే సౌరమాసాలు. క్యాలెండరులో ఫాల్గుణ పౌర్ణమి అని చూసి రైలు టికెట్లు కొంటే ఒక్కో ఏడు నెల తేడా వస్తుంది. 2024లో మార్చిలో జరిగిన తుంబురు ముక్కోటి 2025లో ఏప్రిల్‌కు పోయింది. ప్రకటన వచ్చాకే తేదీ ఖాయం చేసుకోవాలి, మిగతా నాలుగు రోజులనూ దానికి ముందు వచ్చేలా జరుపుకోవాలి.

నడక పాపవినాశనం ఆనకట్ట దగ్గర మొదలు. ఆ రోజు సొంత వాహనాలను గోగర్భం దగ్గరే ఆపేస్తారు, అక్కడి నుంచి ఆర్టీసీ బస్సులే. గుండెజబ్బు, ఉబ్బసం, అధిక బరువు ఉన్నవారు రావద్దని ప్రతి ఏడూ చెబుతారు. ఆ మాట ఊరికే చెప్పేది కాదు. తుంబురుకు ఒక వైపే ఏడెనిమిది కిలోమీటర్లు, నడుమ బండి పోయే దారి లేదు. ఎవరికైనా చీలమండ మడతపడితే డోలీ కట్టి మోసుకురావాలి.

ఆనకట్ట దగ్గర పులిహోరో పొంగలో, మజ్జిగో పెడతారు. అది తిని, మనిషికి మూడు లీటర్ల నీళ్ళు పట్టుకుని బయల్దేరాలి. మొదట రాళ్ళ దారి, తర్వాత వేర్ల మీదుగా దిగుడు, ఆ తర్వాత వాగు పక్కన గుండ్ల మీద గెంతుడు. గుండు మీద కాలు పెట్టే ముందు కర్రతో నొక్కి చూడాలి, ఊగితే వదిలేయాలి. ముందు పోయేవాళ్ళ అడుగులోనే అడుగు వేయడం తప్పు పద్ధతి. పది మంది తొక్కిన రాయి పదకొండో మనిషికి కదులుతుంది.

చివర్లో కొండ నిలువునా చీలినట్టు రెండు గోడల మధ్య సందు. తలెత్తితే సన్నటి ఆకాశం, కింద మోకాలి లోతు నుంచి నడుము లోతు దాకా చల్లటి నీరు. ఫోనూ డబ్బులూ గట్టిగా ముడి వేసిన కవరులో ఉండాలి. ఈత రానివారు తాడు కట్టిన చోటు దాటకూడదు. లోపల ఎక్కువసేపు ఉంటే తిరుగు ఎక్కుడు మిట్టమధ్యాహ్నపు ఎండలో పడుతుంది. పదింటికి అక్కడి నుంచి వెనక్కి తిరిగితే ఒంటిగంటకు ఆనకట్ట చేరొచ్చు.

ముక్కోటి కలవకపోతే ఉదయం ఆరింటికి శ్రీవారి మెట్టు. 2021 నవంబరు వానలకు కొట్టుకుపోయి, బాగుచేశాక 2022లో మళ్ళీ తెరిచిన దారి. ఎక్కి, పైన భోజనం చేసి, బస్సులో దిగితే మూడింటికల్లా ఊళ్ళో ఉంటారు. రాత్రి రైలు పట్టుకునేవారు మెట్ల దగ్గర ఇచ్చిన సామాను పైన ఎక్కడ ఇస్తారో ఎక్కే ముందే అడిగి తెలుసుకోవాలి. ఆ కౌంటరు వెతుక్కోవడానికే ముప్పావుగంట పోతుంది.